పాలగిన్నె మీద సత్తు మూత

మా తమ్ముడు కాశిం పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, అన్నం పెట్టమని అడిగాడు. అక్క ఇంట్లో తమ్ముడు అన్నం అడగడంలో వింతేముందని మీరు అనుకోవచ్చు. వాడికిప్పుడు అరవై ఒకటి. నాకంటూ ఒక పొయ్యి ఏర్పడిన నాటి నుంచి ఆ రోజు వరకు వాడు నా చేతి అన్నం తినలేదు. పండక్కి వస్తాడు, పిల్లల చేతుల్లో డబ్బులు పెడతాడు, మంచినీళ్లు అడిగి కూర్చుని మూడు గుక్కల్లో తాగుతాడు, ఇప్పుడే తిని వచ్చానంటాడు. నా కూతురి పెళ్లిలో కూడా వంటవాళ్లు వడ్డించిన బిర్యానీ తిన్నాడుగాని నేను స్వయంగా చేసిన పాయసం గిన్నెను పక్కకు జరిపాడు. కారణం నాకు తెలుసనుకున్నాను. నా చేయంటే వాడికి భయం అనుకున్నాను. పదకొండేళ్ల వయసులో నేను పాలగిన్నెకు మూత పెట్టడం మరిచిపోయాననీ, అందువల్ల ఆరేళ్ల నా తమ్ముడు చావు దాకా వెళ్లి వచ్చాడనీ మా వంశంలో ప్రతివాడికీ తెలుసు. వాడికి తెలియదా? అందుకే ఆ రోజు వాడు అన్నం అడిగేసరికి నేను సంతోషపడలేదు, కంగారు పడ్డాను. వాడి ఒళ్లో ఒక గుడ్డసంచి ఉంది. అందులో ఉన్నది సత్తు మూత. అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి, మధ్యలో పట్టుకునే గుండీ ఊడిపోతే మా నాయన ఇనప మేకు వంచి బిగించినది. చూడగానే గుర్తుపట్టాను.

మేము దూదేకులవాళ్లం. మా తాత నెల్లూరు వైపు నుంచి భుజాన విల్లు వేసుకుని, ఊరూరా దూది ఏకుతూ, పరుపులు కుడుతూ పుదుచ్చేరి దాకా నడిచి వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. మా నాయన మిల్లులో పనికి కుదిరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నమాజులో అరబ్బీ. ఊళ్లో తమిళం మాట్లాడే సాయిబులకు మేం అర్థమయ్యేవాళ్లం కాదు. సాయిబులంటారు, తెలుగు మాట్లాడతారు, ఇదేం రకం అని చూసేవాళ్లు. మా సందులో ఉన్న తెలుగు హిందువులకూ అదే అనుమానం, తిరగేసి. మేం మాత్రం రెండు వైపులా పెళ్లిళ్లకు వెళ్లి తిని వచ్చేవాళ్లం. తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నాకు వచ్చింది కూడా ఉద్యోగంలో యానాం వేశాక, అక్కడి బడిపిల్లల పలకల మీద చూసి. ఆ ఉద్యోగం ఏమిటంటే సర్కారు బళ్లకు మధ్యాహ్నం అన్నం వండే వంటశాలలో అజమాయిషీ. వండినదాన్ని పిల్లలకంటే ముందు రుచి చూసి సంతకం పెట్టడం నా పని. ఇరవై తొమ్మిదేళ్లు ఆ సంతకం పెట్టాను. మూత పెట్టని పిల్లకు దేవుడు భలే ఉద్యోగం చూపించాడని మా వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మా ఇంట్లో వంటగది అంటే మా జేజి. మా నాయన తల్లి. పొట్టి మనిషి, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు, ఆ చేతుల నుంచి ఉల్లిపాయ, సీకాయ కలిసిన వాసన. ఆమెకు చదువు రాదు. మసీదు హజ్రత్ గారు శుక్రవారం ఆడవాళ్ల కోసం తడిక అవతల కూర్చుని చెప్పే మాటలు విని, వాటిని తన పొయ్యికి, తన గిన్నెలకు సరిపోయేలా మలుచుకుంది. అన్నానికి ముందు చేతులు కడగడం అందరూ చెబుతారు; జేజి గోళ్లు కూడా చూసేది. గోరు సందులో నలుపు కనిపిస్తే కంచం వెనక్కి లాగేసేది. కుడిచేత్తో తినాలి, కంచంలో నీ ముందున్నదే తినాలి, నడుమ నుంచి గిల్లకూడదు. వేడిదాన్ని ఊదకూడదు, ఆగాలి. నీళ్ల చెంబులోకి ఊపిరి వదలకూడదు. నీళ్లు కూర్చుని తాగాలి. కుండకు నోరు పెట్టి తాగినవాడికి ఆ రోజు మజ్జిగ లేదు. ఇవన్నీ మన ప్రవక్త చెప్పినారు అనేది. కొన్ని ప్రవక్త చెప్పినవి, కొన్ని జేజి సొంతం. చింతపండు నానబెట్టిన నీళ్లలో వేలు పెడితే ప్రవక్తకు కోపం వస్తుందని కూడా అనేది. పెద్దయ్యాక ఎంత వెతికినా అది నాకు ఎక్కడా దొరకలేదు.

మార్కెట్టుకు ఆమె వెంట వెళ్లడం నాకు పండగ. చేపలమ్మే ఆడవాళ్లు ఆమెను చూడగానే ముఖం తిప్పుకునేవాళ్లు. బుట్టలో ప్రతి చేపకూ మొప్పలెత్తి చూసేది, కంట్లోకి చూసేది, పొట్ట మీద వేలితో నొక్కి ఆ గుంట తిరిగి లేస్తుందా అని లెక్కబెట్టేది. వాళ్లు తమిళంలో తిట్టేవాళ్లు. ఈమె తెలుగులో నవ్వేది. మాంసం కొట్టు దగ్గర ఇంకా ఘోరం. కొట్టువాడు సాయిబే, కోసింది హలాలే, అయినా ముక్కను ముక్కు దాకా తెచ్చుకుని వాసన చూడనిదే సంచిలో వేయనిచ్చేది కాదు. ఒకసారి వాడు విసుక్కుని, హలాల్ మాంసాన్ని అనుమానించడం పాపం కాదా అన్నాడు. అందుకామె హజ్రత్ గారి దగ్గర నేర్చిన రెండు మాటలూ వాడికి అప్పజెప్పింది. హలాల్ అయితే చాలదు, తయ్యిబ్ కూడా కావాలి. అంటే, తినడానికి అనుమతి ఉంటే సరిపోదు, అది శుభ్రంగా, ఒంటికి మంచిగా ఉండాలి. సందేహం కలిగించేదాన్ని వదిలేసి సందేహం లేనిదాన్ని తీసుకోవాలి. ఇంటికి వస్తూ దారిలో నాకు ఇంకో కథ చెప్పింది. ప్రవక్త బజారులో పోతూ ఒకడి ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టాడట. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. తడిసినదాన్ని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగాడట. తినేదాంట్లో తప్పు దాచినవాడు మనవాడు కాదు, గుర్తుపెట్టుకో మస్తానీ అంది. నా పేరు మస్తానమ్మ. గుర్తుపెట్టుకున్నాను జేజీ. నీకంటే బాగా గుర్తుపెట్టుకున్నాను.

పొద్దు గుంకే వేళ గిన్నెలకు మూతలు పెట్టడం మా ఇంట్లో దీపం పెట్టడం లాంటి పని. మగ్రిబ్ అజాన్ వినపడే లోపల నీళ్లకుండ, అన్నం తపేలా, కూర, పాలు, అన్నిటికీ బిస్మిల్లా అంటూ మూత వేయాలి. మూత లేకపోతే పుల్లయినా అడ్డం పెట్టాలి. అల్లా పేరు చెప్పి మూసిన గిన్నెను సైతాను తెరవలేడు. ఏడేళ్లు నిండిన రోజు ఆ పని నాకు అప్పగించారు. అంతకుముందు నేను చిన్నపిల్లను, ఆ తర్వాత ఇంటి మనిషిని. సైతానుకు, మా ఇంటివాళ్ల కడుపులకు మధ్య నిలబడ్డది నేనేనని అనుకునేదాన్ని. పెద్దవాటిని దబదబా మూసేసి పాలగిన్నెను చివరికి ఉంచుకునేదాన్ని. ఆ పాలు కాశిం ఒక్కడికే. వాడు పుట్టినప్పటి నుంచీ పీలగా ఉండేవాడు, మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పుట్టి పోయాక మిగిలిన మగబిడ్డ, జేజి ప్రాణం. పావుశేరు పాలు కాచి, చల్లార్చి, ఆ సత్తు మూత పెడితే వాడు అన్నం తిన్నాక తాగేవాడు. మూత అంచు నొక్కుకుపోయిన వైపును గోడ వైపుకు తిప్పి పెట్టాలి, లేకపోతే సందు ఉంటుంది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదని నాకు గర్వం.

నాకు పదకొండేళ్లున్న ఏడు బక్రీదుకు మా నాయన, ఆయనతో మిల్లులో పనిచేసే మరికొందరు కలిసి ఒక పశువును ఖుర్బానీ ఇచ్చారు. మాకు వచ్చిన మాంసాన్ని పద్ధతి ప్రకారం మూడు పాళ్లు చేశారు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకు, ఒకటి పేదలకు. ఇంటి వాటా రెండో రోజుకల్లా అయిపోయింది. మాలాంటి ఇళ్లలో అది ఎన్నాళ్లు ఉంటుంది గనక. నాలుగో రోజు సాయంత్రం నేను అరబ్బీ బడి నుంచి వచ్చేసరికి కాశిం వంటగది గడప దగ్గర చాప మీద పడుకుని ఉన్నాడు. నేను పాలు కాచాను. వాడు అన్నం వద్దన్నాడు, పాలు మాత్రం కొన్ని తాగాడు. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు, కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకడం లేదు. నాయన వాడిని భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. వెనక అమ్మ, జేజి, జేజి కొంగు పట్టుకుని నేను. డాక్టరు తమిళంలో అడిగాడు, పిల్లవాడు నిన్నటి నుంచి ఏం తిన్నాడు, మాంసంగానీ చేపగానీ పెట్టారా అని. జేజి లేదంది. పాలలో బల్లి పడిందనీ, రాత్రి పాలు తీసేసరికే గిన్నెకు మూత లేదనీ, పొద్దున చూస్తే అడుగున మిగిలిన పాలలో బల్లిపిల్ల ఉంటే కాలవలో పారబోశాననీ చెప్పింది. నేను ఆమె కొంగు వదిలేశాను.

కాశిం పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చేతికి సూది, పైన వేలాడే సీసా. ఆ ఏడు బడి పోయింది, కాళ్లు నిలదొక్కుకోవడానికి ఎండాకాలం దాకా పట్టింది. నేను మూత పెట్టానని మూడు రోజులు చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, అరుస్తూ చెప్పాను, అమ్మ చెంప మీద కొట్టాక మెల్లిగా చెప్పాను. నువ్వు మూత పెట్టుంటే బల్లి యాడ నుంచి వచ్చింది అని అడిగింది అమ్మ. నువ్వు బిస్మిల్లా అనుంటే ఆ మూత ఎట్ల లేచింది అని కూడా అడిగింది. జేజి మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లవాడు ఇంటికి వచ్చిన రోజు చూడవచ్చిన చుట్టాలందరి ముందు నన్ను దగ్గరకు లాక్కుని, నా తల మీద ముద్దు పెట్టి, ఇట్లా అంది:

“ఆడబిడ్డ, ఆటలో పడి మర్చిపోయింది. నేను మాఫ్ చేస్తి. ఇంక ఎవురూ దాన్ని ఏమీ అనబాకండి.”

ఆమె గొప్ప మనసుకు చుట్టాలు కళ్లు తుడుచుకున్నారు. నేను కూడా ఏడ్చాను. ఆ రోజు నుంచి ఆమెను ఇంకా ఎక్కువ ప్రేమించాను. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మూతలు పెట్టే పని నా నుంచి తీసేశారు. అమ్మ చేసేది, నేను పక్కన నిలబడి చూసేదాన్ని. పినతల్లి పిల్లలు నాకు మూతక్క అని పేరు పెట్టారు, పెళ్లయ్యాక మా అత్తగారి ఊరి దాకా ఆ పేరు నా వెంట వచ్చింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ నా లోపల జరిగింది. మొదట్లో నాకు బాగా గుర్తుండేది, మూత చల్లగా ఉండడం, అంచును గోడ వైపు తిప్పడం, బిస్మిల్లా అనడం. ఏళ్లు గడిచేకొద్దీ అది చెరిగిపోయి వేరే బొమ్మ వచ్చింది. గిన్నె నోరు తెరుచుకుని ఉంది, మూత గోడకు ఆనించి ఉంది, నేను వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతున్నాను. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఎవరైనా అడిగితే నేనే చెప్పేదాన్ని, అవును, మర్చిపోయాను అని. నా జ్ఞాపకం కూడా వాళ్ల వైపుకే వెళ్లిపోయింది. నమాజులో కూర్చున్నప్పుడు మాత్రం ఒక అనుమానం తొలిచేది. ఒకవేళ నేను నిజంగానే మూత పెట్టి, నిజంగానే అల్లా పేరు చెప్పి ఉంటే? అప్పుడు నా నోట వచ్చిన బిస్మిల్లా దేవుడి దాకా పోలేదన్నమాట. దానికంటే మర్చిపోవడమే నయమనిపించేది. పదకొండేళ్ల పిల్ల ఆ రెండింట్లో ఒకటి ఏరుకోవాల్సి వచ్చింది. ఏరుకుంది.

నా పిల్లలకు, ఇప్పుడు నా మనవరాలు ఆయిషాకు నేను నేర్పినవన్నీ జేజి దగ్గర నేర్చినవే. లాస్‌పేటలో నేనిప్పుడు ఉంటున్న మా కూతురి ఫ్లాటులో ఫ్రిజ్జు ఉంది, నీళ్లు వడగట్టే మిషను ఉంది, అయినా గోళ్లు చూస్తాను, పచ్చి కోడిమాంసం పెట్టిన పళ్లెంలో వండిన ముక్క పెట్టనివ్వను, కొన్న పొట్లం మీద తేదీ చదివిస్తాను, పొద్దు గుంకితే మూతలు వేయిస్తాను. ఆయిషాకు ఏడేళ్లు నిండిన రోజు ఆ పని దానికే అప్పగించాను. నేను సొంతంగా కలిపినది ఒక్కటే ఉంది. మూత పెట్టిన పిల్ల బిస్మిల్లా గట్టిగా అని, నా వైపు తిరిగి, చూసినావా అని అడగాలి. నేను నా పని ఆపి, తలెత్తి, చూసినా అని చెప్పాలి. నా కూతురు చిన్నప్పుడు ఇదేం పిచ్చి అని విసుక్కునేది. ఎందుకు అలా పెట్టానో నాకే సరిగ్గా తెలియదు. పిల్లలు జాగ్రత్తగా ఉంటారని చెప్పేదాన్ని.

ఇక కాశిం దగ్గరికి వస్తాను. మేట్టుపాళయంలో ఒక గోడౌనులో జీవితమంతా పనిచేసి రిటైరైన డబ్బుతో వాడు ఈసారి హజ్‌కు వెళుతున్నాడు. హజ్‌కు వెళ్లేవాళ్లు బయలుదేరే ముందు తెలిసినవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి, తెలిసీ తెలియక చేసిన తప్పులకు మాఫీ అడిగి రావడం మాలో ఆచారం. మనుషుల దగ్గర ఉన్న తప్పును మనుషులే మాఫ్ చేయాలి, కాబాను పట్టుకుని ఏడ్చినా అది పోదు. సాధారణంగా గుమ్మంలో నిలబడి, ఏదైనా తప్పుంటే మాఫ్ చెయ్యండి అంటారు, అయ్యో మా దగ్గరేముంది అంటారు, కాఫీ తాగి వెళ్లిపోతారు. వాడూ అందుకే వచ్చాడనుకున్నాను. వాడు సంచిలోంచి మూత తీసి బల్ల మీద పెట్టాడు, జేజి పెట్టె అడుగున దొరికిందన్నాడు. తర్వాత నా ముఖం చూడకుండా చెప్పాడు.

“అక్కా, నువ్వు మూత పెట్టినావు. నేను చూస్తిని. చాప మీద పండుకోనుంటి, కడుపు అప్పిటికే నొస్తా ఉండె. నువ్వు అంచు గోడ తట్టు తిప్పి పెట్టి, బిస్మిల్లా అన్నావు.”

గోడ తట్టు తిప్పి అన్నాడు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కడుపు ఎందుకు నొప్పి పుట్టిందో కూడా చెప్పాడు. పేదల వాటా మాంసంలో కొంత జేజి కిరుమాంబాక్కంలో ఉన్న ఒక ముసలి ఒంటరి మనిషి కోసం ఉప్పు, పసుపు పట్టించి తన పెట్టె మీద గిన్నెలో దాచింది. ఆ మనిషి రాలేదు. రోజూ ఒకసారి కాచాలి; వానకు కట్టెలు తడిసిన రోజున కాచలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, నేను అరబ్బీ బడికి, అమ్మ నీళ్లకు పోయినప్పుడు, పారబోయడానికి మనసొప్పక మిరియాలు, వెల్లుల్లి బాగా దట్టించి వేయించి వీడికి పెట్టింది. బక్కపిల్లవాడికి బలం రావాలని. జేజీ వాసన వస్తా ఉండాది అన్నాడట వీడు. చేపల బుట్టలన్నీ వెతికే ఆ మనిషి, సందేహం ఉంటే వదిలేయమని మాకు ఉగ్గుపాలతో నేర్పిన ఆ మనిషి, ఏమందో తెలుసా? ఖుర్బానీ గోషుకు వంక పెట్టకూడదు, అల్లా పేరు చెప్పి కోసింది, బిడ్డకేం చెయ్యదు అందట. తిండికి వంక పెట్టకూడదన్నది కూడా ఆమె నేర్పిన నియమమే. ఒక నియమంతో ఇంకో నియమం గొంతు నొక్కేసింది. ఆసుపత్రిలో వాడికి తెలివి వచ్చాక చెవిలో చెప్పిందట, గోషు సంగతి ఎవరికీ చెప్పొద్దని, అది పేదల వాటా అని తెలిస్తే నాయన తన ముఖం చూడడని. బల్లి లేదు. పాలలో ఏమీ లేదు. శుభ్రమైన పాలు కాలవలో పోశారు.

నేను వాడిని ఒక్కటే అడిగాను.

“ఆరేళ్లప్పుడు భయపడినావు, సరే. జేజి చచ్చిపోయి ఎన్నేళ్లాయ? అమ్మ పోయె, నాయన పోయె. అప్పుడు ఏంది నీకు అడ్డం?”

“నీ కంచం ముందర కూచుంటే ముద్ద దిగదని తెలుసు అక్కా. అందుకే తినలా. చెప్దామనే వస్తా ఉంటి ప్రతిసారీ. నీళ్లు తాగి పోతా ఉంటి.”

అంటే వాడికి నా చేయంటే భయం కాదు, నా ముఖమంటే భయం. ఇన్నేళ్లూ నేను వాడు పక్కకు జరిపిన గిన్నెలను చూసి చేతులు ఇంకోసారి కడుక్కున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు వేల మంది పిల్లల అన్నాన్ని వాసన చూస్తూ, ప్రతి సంతకానికి ముందు ఇంకోసారి రుచి చూశాను. ఇప్పుడు వాడికి విమానం టికెట్టు వచ్చింది గనక నాకు నిజం వచ్చింది. బరువు ఎక్కువైందని సామాను తీసి చుట్టాల ఇంట్లో పడేసి పోయేవాళ్లను చూశాను. మా తమ్ముడు అలాగే వచ్చాడని అనిపించింది, ఆ మాట వాడితో అన్నాను కూడా. వాడు తల దించుకుని, అవును అన్నాడు. తర్వాత, అన్నం పెట్టు అక్కా అని మళ్లీ అడిగాడు.

పెట్టాను. ఇంటికి వచ్చి అన్నం అడిగినవాడికి లేదనడం మా ఇంట నేర్పలేదు. చేపల పులుసు, తోటకూర వేపుడు. వాడు చేతులు కడుక్కుని, గోళ్లు చూసుకున్నాడు. అలవాటు, ఆమె పెట్టిన అలవాటు. కన్నీళ్లు కారుస్తూనే తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు, కంచం వేళ్లతో శుభ్రంగా తుడిచి నాకాడు. లేచేటప్పుడు రెండు చేతులూ పట్టుకుని మాఫ్ చెయ్యమన్నాడు. చీకటి పడక ముందే బస్సెక్కు అని మాత్రం అన్నాను. వాడు మూతను బల్ల మీద వదిలి వెళ్లాడు. విమానానికి ఇంకా మూడు వారాలుంది. మాఫ్ చేశానని చెబుతానేమో. వాడికైతే చెప్పగలను, వాడు ఆరేళ్ల పిల్లవాడు, మంచం మీద ఉన్నాడు, చెవిలో ఒక ముసలిదాని నోరు ఉంది.

జేజికే ఏం చెప్పాలో తెలియడం లేదు. చనిపోయినవాళ్ల తప్పులు తవ్వకూడదంటారు, మంచే చెప్పుకోవాలంటారు. ఆమె మంచి ఏం చెప్పను, నా ఒళ్లంతా ఆమె మంచే. నేను ఈ రోజు ఏ జబ్బూ లేకుండా ఉన్నానంటే, నా పిల్లలెవరూ తిండి వల్ల ఆసుపత్రి ముఖం చూడలేదంటే ఆమె నేర్పిన చదువే. ఆ చదువు తప్పు కాదు. ఒక్క పూట పేరాశ, ఒక్క పూట ప్రేమ, ఏదైతేనేం, పొరపాటు చేసింది; పొరపాటు ఎవరైనా చేస్తారు. ధాన్యం కుప్పలో తడిని పైన పెట్టి ఉంటే నాయన నాలుగు రోజులు మాట్లాడకపోయేవాడు, అంతేగా. ఆ తడిని తీసుకెళ్లి నా కింద పెట్టింది. పైగా నన్ను మాఫ్ చేసింది. ఆ ముద్దు ఇప్పటికీ నా పాపిట్లో తడిగా ఉన్నట్టుంది, ఎంత తుడిచినా పోవడం లేదు. ఆమె కోసం రోజూ అల్లాను వేడుకుంటూ చేసే దువా ఆ రాత్రి నుంచి నాలుగు రోజులు చేయలేదు. అయిదో రోజు చేశాను, పళ్లు బిగించుకుని. ఇప్పుడూ అలాగే చేస్తున్నాను.

ఆయిషాతో నియమాలు కొన్ని మార్చాను. తిండికి వంక పెట్టకూడదని ఇంతకుముందు చెప్పేదాన్ని. ఇప్పుడు, రుచికి వంక పెట్టొద్దు, వాసనకు పెట్టు, పెట్టింది నేనైనా సరే అని చెబుతున్నాను. మొన్న అది మజ్జిగ వాసన చూసి, నానీ ఇది బాలేదు అంది. నాకు బాగానే ఉందనిపించింది. అయినా దాని ఎదురుగానే పారబోశాను. మూత మరిచిపోతే వచ్చి చెప్పమన్నాను, కొట్టనన్నాను. పాత సత్తు మూతను చింతపండుతో తోమి, దాని చేతికిచ్చాను. పాలగిన్నెకు సరిపోయింది. ఏ వైపు తిప్పి పెట్టాలో నేను చెప్పబోయే లోపలే అది చుట్టూ వంగి చూసి, సందున్న వైపును గోడకు తిప్పింది.

“బిస్మిల్లా. నానీ, చూసినావా?”

వంటగది కిటికీలోంచి మగ్రిబ్ అజాన్ వినపడుతోంది. నేను కూరగాయల కత్తి కింద పెట్టి, తలెత్తి, దాని కళ్లలోకి చూసి చెప్పాను.

“చూసినా.”

చెప్పడానికి ఎంతసేపూ పట్టలేదు.